ఎవరి ఎంగిలి

షోలాపూర్ తూర్పు పేటల్లో మెడ మీద గడ్డ లేస్తే అందరి నోటా వచ్చే మొదటి మాట టీబీ. ఆ మాట ఊరికే పుట్టలేదు. దూది దుమ్ము ఎగిరే కార్ఖానాలు, సాంచా (మరమగ్గం) పక్కనే పడక, ఇంటింటా బీడీల చేట. ఈ బతుకుల్లో టీబీ ఎరగని గల్లీ దొరకదు. దేశం మొత్తం మీద చూసినా మెడ గడ్డలకు పెద్ద కారణాల్లో అదొకటి. కాబట్టి మా అక్క కొడుక్కి కాలరెముక పైన గట్టిగా, నొప్పి లేకుండా గడ్డ కనపడ్డప్పుడు ఒక డాక్టరు సూదితో రవ్వంత తీసి చూసి టీబీ మందులు మొదలుపెట్టాడంటే వింతేమీ లేదు. సాయంత్రమైతే జ్వరం, రాత్రి పక్క తడిసేలా చెమటలు, జారిపోతున్న బరువు. ఈ మూడూ టీబీ లక్షణాలే. హాడ్జ్‌కిన్ లింఫోమా లక్షణాలూ ఇవే. వాడు నెలల తరబడి మందులు మింగాడు, గడ్డ మాత్రం కదల్లేదు. చివరికి దాన్ని మొత్తంగా కోసి తీసి పరీక్షకు పంపితేగానీ సంగతి తేలలేదు.

సూదికి ఎందుకు చిక్కలేదో పాథాలజిస్టు చూపించాడు. నేను బడిలో సైన్సు చెప్పేవాణ్నని తెలిసి పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాడు. అద్దం నిండా చిన్న చిన్న నీలం చుక్కలు. అవన్నీ మామూలు రక్షణ కణాలే, వాటికి ఏ రోగమూ లేదు. స్లైడును మెల్లగా జరుపుకుంటూ పోతే చుక్కల గుంపు నడుమ ఒక్కటి కనిపించింది. చుట్టుపక్కల వాటికంటే ఎన్నో రెట్లు పెద్దది, లోపల రెండు కేంద్రకాలు, ఒక్కో కేంద్రకంలో ఎర్రగా ఒక బొట్టు. డాక్టర్లు వీటిని గుడ్లగూబ కళ్ళంటారు. 1898లో కార్ల్ స్టెర్న్‌బెర్గ్, 1902లో డొరోతీ రీడ్ వర్ణించిన కణం ఇదే. హాడ్జ్‌కిన్ గడ్డలో అసలు క్యాన్సర్ కణాలు సాధారణంగా నూటికి ఒకటీ రెండూ. మిగతాదంతా ఆ ఒక్కటీ పిలిచి చుట్టూ కూర్చోబెట్టుకున్న బలగం. సన్నని సూదికి బలగం చిక్కుతుంది కానీ దొర చిక్కడు.

తర్వాత ఆయన ఇంకో స్లైడు పెట్టాడు. అందులో అంతా వెలిసిన నీలం, ఆ పెద్ద కణం ఒక్కటే గోధుమరంగులో ముద్దగా ఉంది. “ఆ రంగు పట్టింది చూడండి మాస్టారూ, అది ఈ పిల్లాడి ప్రోటీన్ కాదు. ఎప్స్టీన్-బార్ అనే వైరస్‌ది” అన్నాడు. రిపోర్టులో ఆ సంగతే ఒక్క ముక్కలో ఉంది: ఎల్‌ఎంపీ-1 పాజిటివ్.

వైరస్ అన్న మాట ఇంట్లో పడటమే ఆలస్యం, విచారణ మొదలైంది.

ఎవరి దగ్గర్నుంచి వచ్చింది? ఎప్స్టీన్-బార్ వైరస్ ఎంగిలి ద్వారా అంటుతుందని ఎవరో ఫోన్‌లో చదివి చెప్పారు. బావ తరఫు వాళ్ళు మా వైపు చూశారు, మా వాళ్ళు వాళ్ళ వైపు. హాస్టల్లో ఎవరి గ్లాసుతో తాగాడో, పెళ్ళిలో ఎవరి కంచంలో చెయ్యి పెట్టాడో అన్నీ బయటికొచ్చాయి. వాడి స్టీలు గ్లాసు అడుగున గోళ్ళరంగుతో ఒక ఎర్ర చుక్క పెట్టారు, ఇంకెవరూ పొరపాటున ముట్టకుండా. మా అక్క మాత్రం ఎవర్నీ అనలేదు. చేట ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ, రోజుకు వెయ్యి బీడీల లెక్క తప్పకుండా చుడుతూ, ఒకనాడు ఉన్నట్టుండి అంది: “నేనే తమ్మీ. వానికి పండ్లు రాకముందు అన్నం నమిలి పెట్టిన.”

ఆ మాటకు జవాబు చెప్పడం కోసమే నేను చదవడం మొదలుపెట్టాను.

ఈ వైరస్‌ను ముందు చూసింది లండన్‌లో, కానీ కథ మొదలైంది ఉగాండాలో. డెనిస్ బర్కిట్ అనే సర్జన్ అక్కడి పిల్లల దవడల్లో వేగంగా పెరిగే గడ్డల గురించి 1958లో రాశాడు. 1961లో లండన్‌లో ఆయన ఉపన్యాసం విన్న ఆంథొనీ ఎప్స్టీన్, ఇందులో వైరస్ ఉండి తీరాలని పట్టుబట్టి కంపాలా నుంచి గడ్డల ముక్కలు విమానంలో తెప్పించుకున్నాడు. రెండేళ్ళకు పైగా ఏమీ దొరకలేదు. 1963 డిసెంబరులో లండన్ మీద పొగమంచు కమ్మి ఒక విమానం మాంచెస్టర్‌కు మళ్ళింది. సీసా ఆలస్యంగా చేరింది, లోపలి ద్రవం మబ్బుగా ఉంది. కుళ్ళిపోయిందని పారబోసే సరుకే. పారబోసే ముందు ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెడితే, మబ్బుగా ఉన్నవి బాక్టీరియా కావు, ముక్క నుంచి ఊడి హాయిగా తేలుతూ బతికున్న క్యాన్సర్ కణాలు. వాటిని పెంచి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో వైరస్‌ను పట్టుకుని, ఎప్స్టీన్, బర్ట్ అచాంగ్, ఇవోన్ బార్ 1964లో ప్రకటించారు. అచాంగ్ ట్రినిడాడ్ మనిషి. వైరస్ పేరులో ఆయనకు చోటు దక్కలేదు, అది నాకు ఇప్పటికీ నచ్చదు.

అక్కకు కావలసిన జవాబు మాత్రం ఫిలడెల్ఫియాలో దొరికింది. వెర్నర్, గెర్ట్రూడ్ హెన్లే దంపతులు అక్కడ ఎవరెవరి రక్తంలో ఈ వైరస్‌కు యాంటీబాడీలు ఉన్నాయో వెతికారు. దాదాపు పెద్దలందరిలోనూ ఉన్నాయి. వాళ్ళ ల్యాబులోనే పనిచేసే ఒకమ్మాయి రక్తంలో లేవు. 1967లో ఆమెకు గొంతు నొప్పి, జ్వరం, మెడ గ్రంథుల వాపు వచ్చాయి. తగ్గాక చూస్తే యాంటీబాడీలు ఉన్నాయి, పైగా అంతకుముందు పాత్రలో బతకని ఆమె తెల్ల రక్తకణాలు ఇప్పుడు ఆగకుండా పెరుగుతున్నాయి. ప్రపంచంలో పెద్దవాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా ఈ వైరస్‌ను మోస్తున్నారు. మన దేశంలో చాలామందికి చిన్నతనంలోనే, జలుబంత గుర్తు కూడా లేకుండా వచ్చేస్తుంది. వచ్చాక పోదు. బీ కణాల్లో చప్పుడు లేకుండా జీవితాంతం ఉండిపోతుంది. అక్క నమిలి పెట్టకపోతే ఆడుకునే పిల్లల దగ్గర్నుంచి వచ్చేది. గ్లాసు మీద ఎర్ర చుక్క పెట్టిన మనిషి నోట్లోనూ అది ఉండే ఉంటుంది.

కాబట్టి ఎక్కణ్నుంచి వచ్చిందన్నది ప్రశ్నే కాదు. అందరిలోనూ ఉన్నది వీడిలో ఎందుకు ఆగలేదన్నదే ప్రశ్న. ఇంత చిన్న మలుపు తీసుకోవడానికి నాకు చాలా చదువు పట్టింది. బడి పుస్తకాల్లో రక్షణ కణాలు సైన్యం, వైరస్ శత్రువు, ఇద్దరికీ యుద్ధం. ఆ కథలో ఈ జబ్బు ఇమడదు. ఈ వైరస్ కోట బద్దలుకొట్టదు. కోటలో వాడే సైగే తనూ చేస్తుంది.

బీ కణం యాంటీబాడీలు తయారుచేసే కణం. అది తనంతట తాను పెరగకూడదు. దాని ఒంటి మీద సీడీ40 అనే ప్రోటీన్ ఉంటుంది. సహాయక టీ కణం వచ్చి దాన్ని తాకితేనే ‘నీతో పని పడింది, పెరుగు, చావకు’ అన్న కబురు లోపలికి పోతుంది. టీ కణం వెళ్ళిపోతే కబురూ ఆగిపోతుంది. ఎల్‌ఎంపీ-1 ఈ సీడీ40 పని చేస్తుంది, కానీ దాన్ని ఎవరూ తాకనక్కర్లేదు. కణం పొరను ఆరుసార్లు కుట్టినట్టు దూరి కూర్చుని, ఒకదానితో ఒకటి గుంపు కట్టి, లోపలికి వేలాడే తోకతో అదే కబురు ఎడతెగకుండా పంపుతుంది. మా పేటవాళ్ళకు నేను సాంచాతోనే చెప్పాను. సాంచాకు ఒక పక్కన చిన్న ఇనుప ముల్లు ఉంటుంది. నాడె వచ్చిన ప్రతిసారీ పేక దారం దాన్ని తాకి లేపుతుంది. ముల్లు లేస్తే దారం ఉన్నట్టు, లేవకపోతే దారం తెగినట్టు, సాంచా టక్కున ఆగుతుంది. ఎవడైనా ఆ ముల్లును సుతిలితో పైకి కట్టేశాడనుకోండి. దారం ఉన్నా లేకున్నా సాంచా ఆడుతూనే ఉంటుంది. ఎల్‌ఎంపీ-1 ఆ సుతిలి. సాంచాలో ఏ భాగమూ చెడలేదు. చెడిందల్లా ఆగడమే.

ఈ ఒక్క ప్రోటీన్‌కు అంత శక్తి ఉందా అన్న అనుమానం శాస్త్రవేత్తలకూ వచ్చింది. 1985లో ఇలియట్ కీఫ్ బృందం ఈ ఒక్క జన్యువునే ఎలుక కణాల్లో పెట్టి చూసింది. అవి క్యాన్సర్ కణాల్లా ప్రవర్తించాయి. ఈ వైరస్ జన్యువుల్లో ఇది ఇంకే తోడూ లేకుండా ఇంత పని చేయగలదని అప్పుడు తేలింది. ఆ తర్వాత పదేళ్ళకు ఆ తోక కణంలో ఎవరి చెయ్యి పట్టుకుంటుందో కూడా దొరికింది. సీడీ40 పట్టుకునే చేతుల్నే.

ఇక్కడ నాకు మార్కండేయుడు గుర్తొస్తాడు. రాకుండా ఎలా ఉంటాడు? మేం ఆయన సంతతి అని చెప్పుకునే పద్మశాలీలం. నారళీ పున్నానికి ఆయన రథం మా పేటల్లోంచే కదులుతుంది. పదహారేళ్ళకు చావు రాసి ఉన్న పిల్లవాడు లింగాన్ని కావలించుకుని యమపాశం నుంచి తప్పించుకున్నాడు. చావకపోవడమే వరమని విని పెరిగాం. శరీరంలో లెక్క వేరు. లింఫ్ గ్రంథి లోపల బీ కణాలకు ఒక పరీక్ష జరుగుతుంది. యాంటీబాడీ జన్యువును మార్చుకుంటూ మెరుగైనదాన్ని చేసిన కణం బతుకుతుంది, ఆ ప్రయత్నంలో జన్యువు పాడైపోయిన కణం తనంతట తానే చచ్చిపోవాలి. రోజూ లెక్కలేనన్ని చస్తాయి, అందువల్లే మనం బతుకుతాం. ఆ గుడ్లగూబ కళ్ళ కణం ఈ పరీక్షలో తప్పినది. దాని యాంటీబాడీ జన్యువు పనికిరాకుండా పోయినా అది చావలేదు. ఇలా తప్పిన బీ కణాల్లోకి ఎప్స్టీన్-బార్‌ను ఎక్కిస్తే అవి చావు తప్పించుకుంటాయని 2005లో ప్రయోగాలు చూపించాయి. ఎల్‌ఎంపీ-1కు తోడు ఎల్‌ఎంపీ-2ఏ అనే ఇంకో ప్రోటీన్, లేని యాంటీబాడీ ఉన్నట్టే లోపలికి కబురు పంపుతుంది. పాశం పడాల్సిన చోట పడలేదు.

మరి తొంభైమందిలోనూ ఉన్న వైరస్ తొంభైమందినీ ఎందుకు పట్టదు? టీ కణాల వల్ల. ఎల్‌ఎంపీ-1 లాంటివి బయటపడిన బీ కణాన్ని అవి గుర్తుపట్టి చంపేస్తాయి. కాబట్టి వైరస్ ఆ ప్రోటీన్లన్నీ మూసేసుకుని, లక్షల బీ కణాల్లో ఏ కొన్నింటిలోనో తల దించుకుని ఉంటుంది. ఎయిడ్స్‌లో, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే మందుల వల్ల టీ కణాలు నీరసిస్తే అది తల ఎత్తుతుంది. బర్కిట్ చూసిన ఆఫ్రికా పిల్లల్లో దానికి మలేరియా తోడైంది. హాడ్జ్‌కిన్‌లో ఆ పెద్ద కణం చుట్టూ టీ కణాలు గుమిగూడి ఉంటాయి కానీ వాటి చేతులు కట్టేసే సంకేతాలు అది పంపుతూ ఉంటుంది. మన దేశంలో పిల్లల హాడ్జ్‌కిన్ గడ్డల్లో అత్యధిక భాగంలో ఈ వైరస్ కనపడుతుంది, పడమటి దేశాల్లో అంత లేదు. మా వాడిలో ఏ కణం ఏ రోజున తప్పిపోయిందో చెప్పగల పరీక్ష లేదు. అక్క వేసుకున్న నేరానికి సాక్ష్యం లేదు.

జబ్బు పేరు తేలాక వైద్యం సాఫీగానే సాగింది. ఇటలీలో 1970లలో కూర్చిన నాలుగు మందుల కలయికే ఇక్కడా ఎక్కించారు. అందులో ఒకటి ఎర్రగా ఉంటుంది, ఎక్కించాక మూత్రం కూడా ఎర్రగా వస్తే మా బావ కళ్ళు తిరిగి కూర్చున్నాడు. ఇంకొకటి విన్‌బ్లాస్టిన్. అది బిళ్ళగన్నేరు నుంచి వచ్చింది. 1958లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ విడదీశారు. మా గల్లీలో పగిలిన డబ్బాల్లో, మోరీ పక్కన, ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూసే చెట్టు. ఇది విని మా పొరుగావిడ ఆకులు నూరి తాగిద్దామంది. వద్దని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆకులో మందు ఎంతుందో, విషం ఎంతుందో చెట్టు చెప్పదు. ఖర్చు చాలావరకు మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన్ ఆరోగ్య యోజనలో, కేసరి రేషన్ కార్డు మీద గడిచింది. ప్రతి విడతకూ మేం ఆ కార్డు జిరాక్సు పట్టుకుని వరసలో నిలబడ్డాం. సరైన సమయానికి మొదలుపెట్టి మధ్యలో మానకపోతే హాడ్జ్‌కిన్ ఎక్కువమందికి నయమయ్యే క్యాన్సర్.

బర్కిట్ పిల్లల గడ్డల్ని మొదట కరిగించిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. 1960ల మొదట్లో న్యూయార్క్ డాక్టర్లు ఉగాండాకు తీసుకెళ్ళారు. కొంతమంది పిల్లల్లో కొద్ది డోసులకే దవడ మామూలుకు వచ్చింది. ఆ మందు పుట్టింది అమెరికాలోని లెడర్లీ ల్యాబులో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన విభాగంలో. ఆయన 1948లోనే పోయాడు, ఉగాండా సంగతి ఆయనకు తెలియదు. ఈ ముక్క చెప్పినప్పుడు మా మేనల్లుడు మొదటిసారి ఆసక్తిగా లేచి కూర్చున్నాడు.

వైరస్ వల్ల వచ్చే క్యాన్సర్‌ను ముందే అడ్డుకున్న ఉదాహరణ మా దగ్గర్లోనే ఉంది. బార్షీలోని నర్గిస్ దత్ క్యాన్సర్ ఆసుపత్రి దగ్గర 1987 నుంచి పల్లె జనంలో క్యాన్సర్ లెక్కలు రాస్తున్నారు. ఆ ఆసుపత్రి వాళ్ళు టాటా మెమోరియల్‌తో కలిసి, అప్పటి ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో లక్షా ముప్పైవేలకు పైగా ఆడవాళ్ళతో ఒక అధ్యయనం చేశారు. పాపిలోమా వైరస్ ఉందో లేదో జీవితంలో ఒక్కసారి పరీక్ష చేసి, తేలినవాళ్ళకు వైద్యం చేస్తే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ చావులు దాదాపు సగానికి తగ్గాయని 2009లో తేల్చారు. ఆ వైరస్ తయారుచేసే ఈ6, ఈ7 అనే ప్రోటీన్లు ఆగమని చెప్పే కణం ప్రోటీన్లనే నాశనం చేస్తాయి. పాపిలోమాకు టీకా ఉంది. ఎప్స్టీన్-బార్‌కు వాడకంలో టీకా ఇంకా లేదు, ప్రయోగాలు నడుస్తున్నాయి. మా అక్క ఆ పరీక్ష చేయించుకుంది, వెంట నలుగురు బీడీ ఆడవాళ్ళను కూడా తీసుకెళ్ళింది. గ్లాసు మీది చుక్కను తనే బ్లేడుతో గీకేసింది.

మా అమ్మకు మాత్రం ఒక సందేహం మిగిలింది. గడ్డ కరిగి వాడు మళ్ళీ కాలేజీకి పోతున్న రోజుల్లో అడిగింది.

“ఆ పురుగు ఇంక ఉన్నదారా వాని ఒంట్ల?”

“ఉంటది అమ్మా. నీ ఒంట్ల కూడ ఉంటది.”

“నాకెందుకు రాలె మరి?”

టీ కణాల గురించి చెప్పాను. నమ్మినట్టు కనపడలేదు. అప్పుడు ఇంకో సంగతి చెప్పాను. ఎవరి రక్తం తీసుకుని టీ కణాలను మందుతో అణచి, పాత్రలో ఈ వైరస్ కలిపినా బీ కణాలు చావు మరిచి పెరుగుతూ పోతాయి. ల్యాబులవాళ్ళు మనుషుల జన్యువులను దాచుకోవడానికి ఈ ఉపాయమే వాడుతున్నారు. వెయ్యి జన్యుపటాల ప్రాజెక్టు అని ఒకటి జరిగింది, 2015లో ముగిసింది. అందులో తీసుకున్న ఇరవయ్యారు జనసమూహాల్లో ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ళు ఒకటి. వందమందికి పైగా తెలుగువాళ్ళ రక్తకణాలు ఇదే వైరస్‌తో చావు లేకుండా మారి అమెరికాలో కోరియెల్ అనే సంస్థ ఫ్రీజర్‌లలో ఉన్నాయి. అడిగిన శాస్త్రవేత్తకు పంపుతారు, అక్కడ మళ్ళీ పెరుగుతాయి.

అమ్మ చేటలోంచి చేతులు తీసింది.

“మనోళ్ళేనా?”

“తెలుగోళ్ళమ్మా.”

“ఏ ఊరోళ్ళు?”

“అది రాయరు. పేర్లు కూడ ఉండయి, నంబర్లే.”

“ఇంటిపేరన్నా రాయొద్దా?” అంది అమ్మ, కొంచెం కోపంగానే. “పద్మశాలోళ్ళు ఎంతమంది ఉన్నరో అడిగి చూడు.”